బొట్టు చూసి మాట్లాడే మనిషి: పెద్దయ్యాక ఆటిజాన్ని గుర్తుపట్టడం ఎలా

నాతో మాట్లాడిన ఆడవాళ్ల బొట్లు నాకు బాగా గుర్తుంటాయి. పక్కింటి పెద్దావిడది కుంకుమ, కొంచెం ఎడమకు జరిగి ఉంటుంది. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది మెరూన్ స్టిక్కరు, శుక్రవారం మాత్రం రాయి ఉన్నది పెట్టుకుంటుంది. వాళ్ల కళ్లు ఎలా ఉంటాయని అడిగితే చెప్పలేను.

తొమ్మిదో తరగతిలో మా సోషల్ టీచరు "మాట్లాడేటప్పుడు మొహం చూడు" అని బల్ల మీద బెత్తంతో కొట్టారు. ఆ రోజు కనిపెట్టిన ఉపాయం ఇది. కంటికీ బొట్టుకీ మధ్య దూరం అంగుళం. ఎదుటివాళ్లకు తేడా తెలీదు. మగవాళ్లయితే కళ్లజోడు ఫ్రేము, అదీ లేకపోతే కనుబొమల మధ్య చోటు. అలా దాదాపు ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చాక, నా నలభై రెండో ఏట ఒక క్లినికల్ సైకాలజిస్టు నవ్వుతూ "నా బొట్టు బాగుందా?" అన్నారు. పట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. అంతకు ముందు పెళ్లిచూపుల్లో కూడా దొరకలేదు నేను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. విశాఖపట్నంలో ఉంటున్నాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఒక కూతురు. నాకు ఆటిజం ఉందని తెలిసి రెండేళ్లయింది. "నాకూ ఉందేమో" అని రాత్రిళ్లు ఫోన్లో వెతుక్కునేవాళ్ల కోసం, "మా ఆయన ఎందుకిలా" అని విసిగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నేను నడిచిన దారి, ఆ దారిలో తగిలిన రాళ్లు చెబుతాను.

నాకు అనుమానం వచ్చింది నా గురించి ఆలోచించి కాదు. మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్లప్పుడు హైదరాబాదులో పరీక్షలు చేయించారు. మరదలు బాలింత కాబట్టి తోడుగా నేను వెళ్లాను. పిలిస్తే తిరిగి చూస్తాడా, బొమ్మలు వరసగా పేరుస్తాడా, మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడా అని ఆ థెరపిస్టు ఒక్కొక్కటే అడుగుతున్నారు. "బట్టల్లో ట్యాగులు గుచ్చుకుంటున్నాయని ఏడుస్తాడా?" అన్న దగ్గర నా చెయ్యి నా మెడ వెనక్కి వెళ్లింది. ఆ డ్రెస్సుకు ట్యాగు లేదు. నా బట్టల్లో దేనికీ ఉండదు. కొన్న రోజే బ్లేడుతో కుట్టు విప్పి తీసేస్తాను. తమ్ముడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో రైలు కాజీపేట దాటాక మాత్రం, "అక్కా, వీడు నీలాగే పుట్టాడే" అన్నాడు.

అసలు ఏమిటిది

ఆటిజం మధ్యలో వచ్చే జబ్బు కాదు, మెదడు పుట్టుకతోనే వేరేగా ఎదగడం. కుటుంబాల్లో నడుస్తుంది. తల్లి పెంపకం వల్ల వస్తుందని ఒకప్పుడు అనేవాళ్లు, అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. టీకాల వల్ల వస్తుందని 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

చిన్నపిల్లల జబ్బు అనే ముద్ర పడడానికి కారణం ఉంది. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ మాట లోకానికి తెలిసింది. అందులో ఎనిమిది మంది మగపిల్లలు. మొదటి పిల్లాడి పేరు డోనల్డ్. ఆ డోనల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దవాడై, సొంత ఊళ్లో బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడుకుంటూ, ఊళ్లు తిరుగుతూ 2023లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో చనిపోయాడు. పిల్లలు పెద్దవాళ్లవుతారు కదా! ఇంత చిన్న సంగతి అందరూ మర్చిపోయారు.

డాక్టర్లు ఇప్పుడు చూసేది రెండు రకాల సంగతులు. మొదటిది నలుగురితో మాటామంతీ, సైగలు, స్నేహాలు కుదుర్చుకోవడంలో ఇబ్బంది. రెండోది ఒకే పద్ధతిని పట్టుకుని ఉండడం, ఒకే విషయంలో మునిగిపోవడం, ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం, శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం. ఈ రెండో గుంపులోని నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. మొదటిది, రెండోది కలిసి ఉండాలి, చిన్నప్పటి నుంచీ ఉండాలి, బతుకులో ఇబ్బంది పెట్టాలి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: ఈ లక్షణాలు, నేర్చుకున్న ఉపాయాల చాటున పెద్దయ్యాక దాగిపోవచ్చు. నా బొట్టు ఉపాయం లాంటివన్నమాట. అంతకు ముందు ఆస్పర్జర్ సిండ్రోమ్ అని విడిగా పిలిచినదాన్ని కూడా అప్పుడే ఇందులో కలిపేశారు.

మన ఇళ్లలో దానికి ఉన్న పేర్లు

ఆటిజం అనే మాట మనకు కొత్త. ఆ మనుషులు కొత్త కాదు. తిక్క మనిషి. మొండిఘటం. అదోరకం. ముభావం. ముక్కుసూటి. లోకజ్ఞానం లేదు. పట్టిందే పట్టు. నలుగురిలో కలవదు. "మనిషి మంచివాడే గానీ..." అని సగంలో ఆపేసే వాక్యం.

మొదటి పని ఇది: ఈ మాటల్లో ఏవి మీ గురించి విన్నారో, ఎవరి నోట విన్నారో, ఏ వయసులో విన్నారో ఒక కాగితం మీద రాయండి. ఒక్కరు అంటే అది వాళ్ల అభిప్రాయం. మీ అమ్మ, ఏడో తరగతి టీచరు, అత్తగారు, ఆఫీసులో మేనేజరు వేరువేరు కాలాల్లో ఒకే మాట అన్నారంటే, ఆ మాట కింద ఏముందో తవ్వి చూడాల్సిందే.

ఆడపిల్లల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. తెలుగిళ్లలో ఆడపిల్ల తల దించుకుని ఉంటే వినయం. మాట్లాడకపోతే బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు చేస్తే పెంపకం. నాకు ఎనిమిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా ముగ్గుల పిచ్చి. పద్నాలుగు నోటుబుక్కులు నింపాను. 21 చుక్కలు 11 వరకు సందు చుక్క, 15 చుక్కలు 8 వరకు సందు చుక్క, ఇలా వర్గాలుగా విడదీసి వెనక అట్ట మీద విషయసూచిక రాసుకునేదాన్ని. అన్నానికి పిలిచినా వినపడేది కాదు. అదే పిచ్చి ఒక మగపిల్లాడికి ఫ్యాన్ల మీదో, రైలు టైమ్‌టేబుల్ మీదో ఉంటే ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారేమో. ముగ్గులు కాబట్టి చుట్టాలకు చూపించి మురిసిపోయారు. ఆ నోటుబుక్కులు నిండుతున్నా, ధనుర్మాసంలో వీధిలో అందరితో కలిసి ఒక్క ముగ్గైనా నేను వేయలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. పక్కవాళ్లు పెట్టిన చుక్క వరస తప్పితే మొత్తం చెరిపేసి ఏడ్చేదాన్ని. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

అందుకే ఇష్టం దేని మీద అని చూడకండి, ఎంత లోతు అని చూడండి. వంటలు, బంగారం డిజైన్లు, ఒక హీరో సినిమాల విడుదల తేదీలు, పంచాంగం, ఏదైనా కావచ్చు.

మాటల దగ్గర

చిన్నప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లు "వెళ్లొస్తాం" అనేవారు. నేను అరుగు మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. చీకటి పడేది. వాళ్లు వచ్చేవాళ్లు కాదు. "వస్తామన్నారుగా" అని ఏడిస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. తెలివితక్కువతనం కాదు, అప్పటికే నాకు ఇరవయ్యో ఎక్కం వచ్చు. మాటకు పైన కనిపించే అర్థమే నాకు ముందు చేరుతుంది. లోపలి అర్థం చేరడానికి ఇంకో బస్సు ఎక్కాలి.

ఇప్పటికీ అంతే. పెళ్లయిన కొత్తలో ఎదురింటావిడ "ఓసారి మా ఇంటికి రామ్మా" అంటే ఆ ఆదివారమే పదింటికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ తల దువ్వుకుంటోంది. "కొంచెం చూసి పెట్టండి" అని మేనేజరు ఫైలు ఇస్తే చూసి, పెట్టాను. తప్పులు దిద్దమని దాని అర్థమట. "చీర ఎలా ఉంది?" అని ఆడపడుచు అడిగితే రంగు ఆవిడకు నప్పలేదని చెప్పాను, అడిగింది కదా అని.

ఇలాంటివి అందరికీ ఒకటీ అరా జరుగుతాయి. మీరు చూడాల్సింది, ఇవి తప్పించుకోవడానికి మీరు లోపల ఎంత యంత్రాంగం నడుపుతున్నారనేది. ఫోను చేసే ముందు మాటలు కాగితం మీద రాసుకుంటారా? ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్లాలంటే దారి పొడుగునా ఏం అనాలో వల్లించుకుంటారా? ఇంటికొచ్చాక ఆ సంభాషణను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఆడించుకుని ఎక్కడ తప్పానో వెతుక్కుంటారా? నేను సీరియళ్లు చూసి నేర్చుకున్నాను, పలకరింపులో తల ఎంత వంచాలో, ఎక్కడ "అయ్యో" అనాలో. దీన్ని ఇంగ్లీషులో మాస్కింగ్ అంటారు. మనకు వేషం అన్న మాట ఉంది గానీ, వేషం సరదాగా వేస్తాం. ఇది సరదా కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్లకు జాలి, ప్రేమ ఉండవనేది అన్యాయం. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక పరిశోధకుడున్నాడు, తనూ ఆటిజం ఉన్నవాడే. 2012లో ఆయన అన్నది ఏంటంటే, అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందని. మేం మీ సైగలు చదవలేకపోతున్నాం, మీరూ మావి చదవలేకపోతున్నారు. నా మేనల్లుడు చేతులు ఎందుకు ఆడిస్తున్నాడో వాళ్ల అమ్మ కంటే నాకు ముందు తెలుస్తుంది.

ఒంటి దగ్గర, ఇంటి దగ్గర

దీని గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, ఉన్నవాళ్లకు చదవగానే తెలిసిపోతుంది. కుక్కరు విజిల్ నాకు చెవిలో సూది. ట్యూబ్‌లైటు గుయ్యిమనడం మిగతావాళ్లకు వినపడదని ముప్ఫై ఏళ్ల దాకా తెలీదు. పట్టుచీర జరీ అంచు చీలమండకు తగులుతుంటే ఎదుటివాళ్లు మాట్లాడేది వినపడదు. అదే ఫ్యాను నాలుగులో తిరిగే శబ్దం మాత్రం ప్రాణం, చలికాలంలో కూడా కావాలి. తక్కువగా తెలిసేవీ ఉంటాయి: నాకు ఆకలి తెలీదు. చెయ్యి వణికితే గడియారం చూసి, ఓహో అన్నం టైము దాటింది అనుకుంటాను.

పద్ధతుల సంగతి చూడండి. మధ్యాహ్నం బాక్సులో పదకొండేళ్లుగా పప్పూ, పెరుగన్నం. విసుగు రాదు. "దారిలో ఉన్నాం, అరగంటలో మీ ఇంట్లో ఉంటాం" అని చుట్టాలు ఫోను చేస్తే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. వాళ్లంటే ఇష్టం లేక కాదు. ఆ అరగంట నా రోజులో ముందే ఇంకో పనికి రాసిపెట్టి ఉంది.

ఇక పెళ్లిళ్లు. మా ఆడపడుచు కూతురి పెళ్లిలో సన్నాయి, డోలు, వీడియోవాళ్ల లైట్లు, సెంటు వాసనలు, వరసలు కలుపుతూ వచ్చే చేతులు. తాళి కట్టే వేళకి నాకు మాటలు ఆగిపోయాయి. కోపం కాదు, నోరు తెరిస్తే మాట లేదు. విడిదింట్లో బాత్రూములో నలభై నిమిషాలు నేల మీద కూర్చున్నాను. బయట "పొగరు" అన్నారు. కొందరికి ఇది అరుపులు, ఏడుపుల రూపంలో బయటికి వస్తుంది, నాలాంటివాళ్లకు లోపలికి మూసుకుపోతుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు.

ఆ రెండు రోజులే అసలు లెక్క. పెళ్లి ఆల్బంలో నేను నవ్వుతూనే ఉన్నాను. బయటికి ఎలా కనిపించామన్నది కాదు, అలా కనిపించడానికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు పూడడానికి ఎన్ని రోజులు పట్టింది అని చూసుకోండి. పెద్దవాళ్లలో ఆటిజం దొరికేది అక్కడే.

నోటుబుక్కు, అమ్మ, ప్రశ్నాపత్రం

ఒక నోటుబుక్కు తీసుకుని నెల రోజులు రాయండి. నాలుగు గడులు చాలు: ఏం జరిగింది, బయటికి ఏం చేశాను, లోపల ఏమైంది, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది. పెద్ద సంఘటనలే రాయకండి. "లిఫ్టులో పైఫ్లోరు ఆయన పలకరించాడు, నవ్వాను, ఏమనాలో తెలీలేదు, పావుగంట" లాంటివే పనికొస్తాయి. నా పుస్తకంలో సోమవారాల కంటే ఆదివారాలు ఘోరంగా ఉన్నాయి. ఆఫీసులో పని వరసలో ఉంటుంది, ఇంట్లో ఉండదు. రాసేదాకా నాకా సంగతి తెలీదు.

తర్వాత చిన్నప్పటి సంగతులు అడగాలి. అడగడంలో మెలకువ కావాలి. "చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నమ్మా?" అంటే మా అమ్మ, "బంగారంలా ఉండేదానివి. ఒక మూల కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉండేదానివి" అంది. ఆవిడ దృష్టిలో అది మెచ్చుకోలు. అందుకని విడివిడిగా అడగండి. ఎన్నో ఏట మాటలొచ్చాయి? ఏ కూర ముట్టేదాన్ని కాదు? తలంటు పోస్తే ఏం చేసేదాన్ని? ఎవరితో ఆడుకునేదాన్ని, నా ఈడువాళ్లతోనా, చిన్నపిల్లలతోనా, పెద్దవాళ్ల దగ్గర కూర్చునేదాన్నా? ఇలా అడిగితే అమ్మ గంటసేపు చెప్పింది. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే బయటికి తీయండి, టీచర్లు రాసిన ఒక్క వాక్యం ఒక్కోసారి చాలా చెబుతుంది.

ఆన్‌లైన్లో దొరికే ప్రశ్నాపత్రాల్లో ఎక్కువగా వాడేది ఏక్యూ. కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో తయారుచేసింది, యాభై ప్రశ్నలు. 32 గానీ ఆపైన గానీ వస్తే నిపుణుడికి చూపించుకోవాలన్న సూచన. పది ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది, అందులో ఆరు. ఆర్ఏఏడీఎస్-ఆర్ అని ఎనభై ప్రశ్నలది ఇంకోటి, ఇప్పుడూ అంతేనా, పదహారేళ్ల లోపు మాత్రమేనా అని విడిగా అడుగుతుంది. ఇవన్నీ తలుపు కొట్టడానికే, తీర్పు చెప్పడానికి కాదు. టెన్షన్ ఎక్కువున్నవాళ్లకు, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కూడా మార్కులు పెరుగుతాయి. పైగా ఇంగ్లండు జనాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. ఏక్యూలో మ్యూజియం కంటే థియేటరుకు వెళ్లడం ఇష్టమా అని ఒక ప్రశ్న. నేను సినిమా హాలు అనుకుని, ఏ సినిమా అన్నది చెప్పకుండా ఎలా జవాబిస్తామని పది నిమిషాలు ఆగిపోయాను. వాళ్లడిగింది నాటకాల సంగతి. అలా ఆగిపోవడమే ఒక జవాబని తర్వాత ఆ సైకాలజిస్టు నవ్వారు.

ఇదేదో ఆటిజమే అని తేల్చేసుకోకముందు పోలికలున్నవాటిని కూడా చూడాలి. నలుగురిలో భయం ఉన్న మనిషికి సాధారణంగా ఏం మాట్లాడాలో తెలుసు, తప్పుగా అనుకుంటారేమోనని జంకు. నాకు భయం తర్వాత వచ్చింది, ముందు తెలియకపోవడం ఉంది. ఓసీడీ అనే జబ్బులో చేతులు మళ్లీ మళ్లీ కడిగే మనిషికి ఆ పని నరకం. నాకు చుక్కలు లెక్కపెట్టడం హాయి. ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ కలిసి చాలామందికి ఉంటాయి. 2013కి ముందు డీఎస్ఎం పుస్తకంలో ఆ రెండూ కలిపి రాయడానికి ఒప్పుకునేవారు కాదు. డిప్రెషన్, చిన్నప్పటి దెబ్బలు కూడా మనిషిని ముడుచుకుపోయేలా చేస్తాయి. ఇంకోటి, నలభైల్లో, యాభైల్లో ఉన్నట్టుండి మనిషి తీరు మారిపోతే అది ఆటిజం కాదు. వెంటనే న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లొచ్చు, లేదా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి. చాలా చోట్ల ఆటిజం అని బోర్డున్నా పిల్లల్నే చూస్తారు. అందుకని ముందు ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "పెద్దవాళ్లకు ఆటిజం ఉందో లేదో చూస్తారా?" ఫీజు ఎంతో, ఎన్నిసార్లు రావాలో కూడా అప్పుడే అడగండి. ప్రభుత్వం వైపు చూస్తే విశాఖలో చినవాల్తేరులో మానసిక వైద్యశాల, హైదరాబాదులో ఎర్రగడ్డ, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి-మానస్ 14416కి ఫోను చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నేను మొదట వెళ్లిన డాక్టరు నాతో ఏడు నిమిషాలు మాట్లాడి, "పెళ్లయింది, పాప ఉంది, ఉద్యోగం చేస్తున్నారు, నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏంటమ్మా" అన్నారు. చూసింది కళ్లజోడు ఫ్రేమునని చెప్పే ధైర్యం లేక నిద్రమాత్రల చీటీ పట్టుకుని వచ్చేశాను. ఎనిమిది నెలలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మీకూ ఇలా జరిగితే ఎనిమిది నెలలు ఆగకండి. ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, ఈసారి నోటుబుక్కు తీసుకెళ్లండి. నోటితో చెప్పబోతే మనం అలవాటుగా అంతా బాగానే ఉందన్నట్టు చెప్పేస్తాం. కాగితానికి ఆ మొహమాటం లేదు.

రెండోసారి మూడు సిట్టింగులు పట్టాయి. మొదట నా కథంతా విన్నారు. తర్వాత అమ్మతో ఫోనులో మాట్లాడారు, మా వారిని పిలిచి విడిగా అడిగారు. బొమ్మల కథ చూసి చెప్పమన్నారు, మధ్యలో ఊరికే కబుర్లాడారు. ఆ కబుర్లు కూడా పరీక్షేనని తర్వాత తెలిసింది. రిపోర్టులో ఏముందో కూర్చోబెట్టి చదివి చెప్పారు. మీరూ అడిగి చెప్పించుకోండి.

సర్టిఫికెట్ సంగతి వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజం ఉంది, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ దీనికీ ఇస్తారు. అంచనాకు మన దేశంలో చాలాకాలంగా వాడుతున్నది ఐసా అనే నలభై అంశాల కొలబద్ద, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసింది. డెబ్బై గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం కింద లెక్క. నా అభిప్రాయం చెప్పమంటే, అందులో ఎక్కువ అంశాలు పిల్లల్ని చూసి రాసినవే, బొట్టు ఉపాయం నేర్చినవాళ్లకు మార్కులు పడవు. చాలా రాయితీలకు నలభై శాతం వైకల్యం తేలాలి. తేలితే పాత పన్ను విధానంలో పన్ను వేసే ఆదాయంలో 75,000 రూపాయల తగ్గింపు ఉందని అకౌంట్స్ మనిషిగా చెప్పకుండా ఉండలేను. నేను దరఖాస్తు పెట్టలేదు. నాకు కావలసింది పేరు, అది దొరికింది.

ఆటిజాన్ని తీసేసే మందు లేదు. ఉందని అమ్మేవాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోకండి. దాని వెంట వచ్చే నిద్రలేమి, టెన్షన్, డిప్రెషన్‌కు మాత్రం వైద్యం ఉంది, అది మానకూడదు.

తెలిశాక

మా వారికి చెబితే, "మరి ఇప్పుడు ఏం మారుతుంది?" అన్నారు. బాధ కలిగింది గానీ మంచి ప్రశ్న. ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం. కుక్కరు ఆయన పెడతారు, విజిలు వచ్చేలోపు నేను డాబా మీదకు వెళ్తాను. "కాస్త తొందరగా రా" అనకుండా "ఆరుంపావుకి రా" అంటారు. కోపంగా ఉంటే "కోపంగా ఉన్నాను" అని నోటితో చెబుతారు, గిన్నెలు చప్పుడు చేయరు. బయట నుంచి రాగానే అరగంట నన్ను ఎవరూ పలకరించరు. ఆఫీసులో ఆటిజం అని చెప్పలేదు. "నోటితో చెప్పింది మర్చిపోతాను సార్, ఒక మెయిల్ పెట్టండి" అంటే ఎవరూ కారణం అడగలేదు.

ఇంట్లో ఇంకొకరి మీద మీకు అనుమానం ఉంటే ఒక్కటి చేయకండి: గొడవ మధ్యలో "నీకు ఆటిజం" అని విసరకండి. ఆ మాట ఇక తిట్టుగానే మిగిలిపోతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు, "పెళ్లిళ్లలో నీకు తలనొప్పి వస్తుంది కదా, అలాంటి ఇంకొకరి గురించి చదివాను" అని చూపించి వదిలేయండి. వాళ్లే మళ్లీ తీసేదాకా తీయకండి. మొదటి రోజే పెళ్లి మీద, పిల్లల మీద, తప్పొప్పుల మీద లెక్కలు తేల్చబోకండి. నాకైతే మూడు నెలలు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి, ముఖ్యంగా ఆ బెత్తం గుర్తొచ్చినప్పుడు.

పోయినవాళ్లకు పేర్లు పెట్టడం మాత్రం నాకిష్టం లేదు. మా నాన్నగారి గురించి తమ్ముడు అడిగాడు. ఆయన లేరు, అడిగి తెలుసుకునే వీలు లేదు, వదిలెయ్యమన్నాను.

మొన్న పిన్ని ఫోను చేసింది, వాళ్లబ్బాయి పెళ్లి. ఈసారి ముందే చెప్పేశాను: "ముహూర్తానికి పావుగంట ముందు వస్తాను పిన్నీ, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటాను, మొదటి బంతిలో తినేసి వెళ్లిపోతాను, ఫొటోకి పిలవద్దు." తిడుతుందనుకున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అలాగేలేవే," అంది. "మీ నాన్నా అంతే కదా. నా పెళ్లిలోనూ మొదటి బంతిలో తినేసి సైకిలెక్కేశాడు. అందరూ వెతుక్కున్నారు."